కృపావతి చలిమంట డబ్బా

అరకు నుంచి అనంతగిరి వైపు దిగే ఘాటు రోడ్డులో ఒక మలుపు దగ్గర, నీలం టార్పాలిన్ కప్పిన పాకలో పాంగి కృపావతి నాలుగేళ్లు టీ కాచింది, మొక్కజొన్న పొత్తులు కాల్చింది. ఇప్పుడు ఆ పాక లేదు. అక్కడ కారాపి "ఇక్కడొక ఆవిడ ఉండేది కదా, ఎక్కడికెళ్లింది?" అని అడిగేవాళ్లు మాత్రం ఇంకా ఉన్నారు. పక్కన అనాసపండు ముక్కలు అమ్మే మనిషి "ఆవిడిప్పుడు కంపెనీ అండీ" అంటాడు. ఏ కంపెనీలో చేరిందని అడిగితే, "కంపెనీలో కాదండీ బాబూ, ఆవిడే కంపెనీ" అని ఉప్పూకారం చల్లిన ముక్క చేతిలో పెడతాడు.

కృపావతిది పెద్ద గొంతు కాదు. కానీ ఒక మాట అన్నాక వెనక్కి తీసుకునే అలవాటూ లేదు. తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లికి జబ్బు చేసింది. ఆశ్రమ పాఠశాల నుంచి రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చేసిన పిల్ల మళ్లీ వెళ్లలేదు. దాని గురించి ఎవరైనా జాలిపడితే "సదువు ఆగింది గానీ సూడ్డం ఆగిందేటి?" అంటుంది. గొందివలస సుక్రుని పెళ్లి చేసుకుని వచ్చాక కాఫీ పళ్లు కోసింది, రాగి చేను కలుపు తీసింది. ఆ రోడ్డు మలుపులో పాక వేద్దామన్నది కూడా తనే. సుక్రు నెమ్మదైన మనిషి. "నీకు తోసింది సెయ్" అని కర్రలు పాతి పెట్టి తన చేనుకి తను వెళ్లిపోయాడు.

పాకలో కూర్చుని కృపావతి మనుషుల్ని చూసేది. డిసెంబరు మంచులో కార్లు దిగినవాళ్లు ముందు టీ అడగరు. ముందు పొయ్యి దగ్గరికి వస్తారు. షోకు స్వెట్టర్లు, నల్లకళ్లద్దాలు, ఎవరి దర్జా వాళ్లది. పొయ్యి ముందుకొచ్చేసరికి అందరూ ఒకేలా చేతులు చాపుతారు. ఆ చేతులు వెచ్చబడ్డాక గానీ టీ గుర్తుకు రాదు.

ఒక సాయంత్రం భార్యాభర్తలిద్దరూ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. కింద తోటలో టెంటు అద్దెకు తీసుకున్నారు. చలిమంట వేస్తామని చెప్పిన టెంటు మనిషి తడిసిన కట్టెలు ఇచ్చి పోయాడు. అవి పొగ తప్ప మంట ఇవ్వడం లేదు.

"అమ్మా, ఈ పొయ్యి మాకు రేపటిదాకా అద్దెకిస్తారా?" అన్నాడాయన.

"పొయ్యి అద్దెకిచ్చేస్తే నాను టీ ఎక్కడ కాయాల బాబూ?" అని నవ్వి, పాత నూనె డబ్బాలో అడుగున మట్టి వేసి, దాని మీద నిప్పులు పోసి, కాస్త కాఫీ పొట్టు చల్లి ఇచ్చింది. మర్నాడు వాళ్లు ఆ డబ్బాని శుభ్రంగా తోమి మరీ తిరిగి తెచ్చారు. తెచ్చి, "ఇలాంటిది కొనుక్కోవాలంటే ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగారు.

ఎక్కడా దొరకదు. ఆ మాట కృపావతిని పట్టుకుంది.

సుక్రు తమ్ముడు సోంబరు అరకులో వెల్డింగ్ షాపులో పని చేసేవాడు. ఇనుము వంచడంలో మంచి చెయ్యి. మాటల్లో మాత్రం పుల్లవిరుపు.

"సోంబరూ, మూతున్న డబ్బా కావాల. పట్టుకుని నడవడానికి తీగ పిడుండాల. లోపల మంటున్నా కింద నేల కాలకూడదు."

"వదినా, దాన్ని పొయ్యంటారు. మనూర్లో ఇంటికోటి ఉంది."

"ఆ పొయ్యి పట్టుకుని కొండెక్కగలవేటి?"

సోంబరు ఆలోచించాడు. మర్నాడు రేకు డబ్బా ఒకటి తెచ్చాడు. దాని లోపల కృపావతి ఎర్రమట్టి పూసింది. ఆరాక పగిలింది. మట్టిలో రాగి ఊక కలిపి మళ్లీ పూస్తే నిలిచింది. డబ్బా కుదిరింది గానీ అందులో మండేది ఏమిటన్నదే అసలు పని. కట్టెలైతే అడవి కొట్టాలి, పైగా తడుస్తాయి. పొట్టు తీసే మిల్లు వెనక కాఫీ పొట్టు కుప్పలుగా పడి ఉండేది. ఎవరికీ అక్కర్లేదు. అది ఒక్కటే వేస్తే బుస్సుమని ఆరిపోతుంది. కృపావతి తండ్రి తేనె తీసే మనిషి. తేనె పిండాక మిగిలిన మైనం కరిగించి పొట్టులో కలిపితే మంట నిలబడింది. కాస్త గుగ్గిలం, అదే అడవిలో చెట్టు నుంచి కారి గడ్డకట్టే ధూపపు జిగురు, పొడి చేసి కలిపితే మంచి వాసన వచ్చింది. ఈ మూడూ కలిపి, వెదురు బొంగు కోసి చేసిన అచ్చులో కూరి, రోకలితో దట్టిస్తే అరచేతిలో పట్టేంత బిళ్ల తయారైంది. ఒక్క అగ్గిపుల్లతో అంటుకుంటుంది. డబ్బాలో ఒక బిళ్ల వేస్తే పిల్లలు కబుర్లు చెప్పుకుని నిద్రలోకి జారేదాకా మండుతుంది. పొద్దున్న బూడిద దులుపుకుని డబ్బా కారులో పెట్టుకుని పోవచ్చు.

ఊళ్లో వాళ్లకిది వింతగా ఉండేది. అత్త బుద్రి అయితే బిళ్లలు చేస్తున్నంతసేపూ ఎదురుగా కూర్చుని చుట్ట కాలుస్తూ చూసేది.

"ఒలే కుర్పా, అడివిలో కట్టెలమ్మినోల్లని సూసేను. బొగ్గులమ్మినోల్లనీ సూసేను. నిప్పమ్మినోల్లని సూడ్నేదే."

"నన్ను సూడత్తా, కనపడతన్నాను కదా."

"కొన్నోడి బుద్ధి సూడాల నాను" అని ముసలావిడ పకపకా నవ్వేది.

కొన్నారు. ఆ చలికాలం పాకలో పెట్టిన డబ్బాలన్నీ అయిపోయాయి. టెంట్లు వేసేవాళ్లు వచ్చి ఇంకా కావాలన్నారు. అక్కడే వచ్చింది చిక్కు. రోకలితో దంచి ఎన్ని బిళ్లలని చేస్తారు? వానాకాలమంతా చేసి పెట్టుకుందామంటే తడవకుండా ఉంచే చోటు లేదు. ఒక షెడ్డు కావాలి. బిళ్లలు నొక్కే యంత్రం కావాలి. ఊళ్లో ఇంకో నలుగురు ఆడవాళ్లు పనికి వస్తామన్నారు గానీ ఎక్కడ కూర్చుని చేస్తారు?

ఈలోగా సోంబరుకి హైదరాబాదు నుంచి కబురొచ్చింది. పెద్ద పెద్ద కట్టడాల దగ్గర వెల్డింగ్ పని, నెల జీతం.

"వదినా, నాను దాపరికం లేకుండా సెప్తన్నాను. ఈ పని సాగుద్దంటే ఉంటాను. సాగదంటే దీపావళి లోపు ఎల్లిపోతాను. ఆపకు మరి."

కృపావతి ఆపనని మాటిచ్చింది. కానీ అతను వెళ్లిపోతే డబ్బా లేదు. డబ్బా లేకపోతే బిళ్లలు ఎన్నుండి ఏం లాభం?

అలాంటి సమయంలో మహిళా సంఘం మీటింగులో ఒక సంగతి చెప్పారు. కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్ల మాట విని, నచ్చితే పెట్టుబడి పెట్టే పెద్దలు హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ అరకు వస్తున్నారట. ఒక రిసార్టులో సభ. ఎవరైనా పేరిస్తారా అని అడిగితే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కృపావతి చెయ్యెత్తింది.

సభకి ముందు వారమంతా అల్పపీడనం. ముసురు పట్టి వదల్లేదు. కృపావతి మంచి మైనం ఏరి, శ్రద్ధగా దట్టించి, సభ కోసమని కొన్ని బిళ్లలు చేసి రేకు పెట్టెలో దాచింది. ఆ రోజు పొద్దున్న పెట్టె సంచిలో పెట్టుకుని, డబ్బా సోంబరు చేతికిచ్చి బస్సెక్కింది. బుద్రి గుమ్మంలో నిలబడి "బయమేటీ నేదు, బాగా ఆరున్నాయి" అంది. ఆ మాటేమిటో అప్పుడు ఇద్దరూ పట్టించుకోలేదు.

రిసార్టు హాలు నిండుగా ఉంది. ముందు వరసలో పెట్టుబడిదారులు. సభ నడిపిస్తున్నావిడ పేరు సరళ, హైదరాబాదు నుంచి వచ్చింది. నవ్వుతూనే గడియారం చూసే మనిషి. ఆమె పక్కన లావుపాటి పెద్దాయన, మెడలో మఫ్లరు, పేరు వరహాలరావు. చోడవరం పక్క పల్లెటూరి మనిషి. ఒకప్పుడు విశాఖ బీచి రోడ్డులో గొడుగులమ్మాడట. ఇప్పుడు టెంట్లు, నిద్రసంచులు, కొండలెక్కే సామాన్లు అమ్మే షాపులు ఊరూరా ఉన్నాయి. ఎవరేం చెప్పినా ఆయన ఒకటే అడుగుతున్నాడు: "బాగుంది. ఇది పాడైపోతే ఏటి సేత్తారు?" జవాబు తడబడితే నోరు మూసుకుని మఫ్లరు సర్దుకుంటున్నాడు.

కృపావతి కంటే ముందు మాట్లాడిన కుర్రాడు తెర మీద రంగురంగుల బొమ్మలు చూపించాడు. కృపావతి దగ్గర బొమ్మలు లేవు. వేదికెక్కింది. 

"నా పేరు పాంగి కృపావతి. ఈయన మా మరిది సోంబరు. మేం మంట అమ్ముతాం."

హాల్లో నవ్వు పుట్టింది. వెనక్కి వాలి కూర్చున్నవాళ్లు ముందుకి జరిగారు. వరహాలరావు మఫ్లరు వదిలేశాడు. ఆవిడ డబ్బా చూపించింది, పిడి పట్టుకుని నడిచి చూపించింది, బిళ్ల అంటే ఏమిటో చెప్పింది. అంతా సాఫీగా సాగింది. తర్వాత బిళ్లని డబ్బాలో పెట్టి అగ్గిపుల్ల గీసింది.

బిళ్ల అంటుకోలేదు. ఇంకో పుల్ల. అంచు ఎర్రబడి, లోపల్నించి తెల్లటి పొగ బయల్దేరింది. మూడో పుల్లకి పొగ చిక్కబడి పైకప్పు దాకా పోయి, అక్కణ్నించి ముందు వరస మీదకి దిగింది. ఎవరో దగ్గారు. సరళ చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. కిటికీలు తెరవండని ఎవరో కేకేశారు.

"ఏటమ్మా ఇది?" అన్నాడు వరహాలరావు కళ్లు తుడుచుకుంటూ. "సలిమంటన్నావు, సాంబ్రాణి ఏసినావు. హారతి కూడా ఇచ్చీ, దణ్ణం ఎట్టుకుని ఎల్లిపోతాం."

హాలంతా గొల్లుమంది. సోంబరు తల వంచుకున్నాడు. కృపావతి డబ్బా మీద మూత పెట్టి, పెట్టెలోంచి ఇంకో బిళ్ల తీసింది. చేతిలోకి రాగానే తెలిసిపోయింది, తేలిగ్గా ఉంది. వెనక్కి తిప్పింది. అడుగున మసి. మసి మీద పక్కపక్కనే గీతలు, వెదురు బద్దల మీద ఆనించి పెడితే పడే గీతలు. ఆ గీతలు ఆవిడకి బాగా తెలుసు. ఇంట్లో పొయ్యి పైన ఉన్న అటకవి.

గొందివలసలో ఏ ఇంట్లోనైనా విలువైన వస్తువు ఉండేది ఆ అటక మీదే. విత్తనాలు అక్కడే, ఎండు కందులు అక్కడే, మామిడి టెంకలు అక్కడే. కింద పొయ్యి మండుతూ ఉంటుంది, పైన పొగ తగిలి చెమ్మ చేరదు, పురుగు పట్టదు. ముసురు పట్టిన వారంలో కోడలి బిళ్లలు రేకు పెట్టెలో ఉంటే అత్త మనసొప్పుతుందా? రోజూ వాటిని తీసి అటకెక్కించింది. ఈ పొద్దున్న దింపి మళ్లీ పెట్టెలో సర్దింది. వానకి పొయ్యి ఆరకుండా మండింది. పైనున్న మైనం మెల్లగా కరిగి కారిపోయింది. మిగిలింది పొట్టూ గుగ్గిలమూ. అది పొగ వెయ్యక ఏం చేస్తుంది?

సరళ గడియారం చూస్తోంది. ఏదో ఒకటి చెప్పి దిగిపోవచ్చు. వాన వల్ల అనొచ్చు, చెమ్మ అనొచ్చు. కృపావతి బిళ్లని పైకెత్తి అందరికీ చూపించింది.

"దీంట్లో మైనం నేదండి. కారిపోయింది. మా ఇంట్లో పోగొట్టుకోకూడని వస్తువేదైనా పొయ్యి మీద అటకెక్కిస్తాం. మా అత్త వీటినీ ఎక్కించింది. మైనం ఏడికి కరుగుద్దని నాను ఆవిడికి సెప్పనేదు. తప్పు నాది."

 వరహాలరావు పెద్దగా నవ్వాడు.

"అయితే ఈ యాపారం అటకెక్కీసినట్టేనా?"

మళ్లీ అందరూ నవ్వారు. ఈసారి కృపావతి కూడా నవ్వింది.

"దింపుతాను సార్. బోజనాలయ్యాక ఒక్కసారి సూడండి."

సరళ పక్కవాళ్లతో మాట్లాడి, "లంచ్ తర్వాత పదినిమిషాలు ఇస్తాం. కానీ హాల్లో మాత్రం వద్దు, ప్లీజ్" అంది.

"నాకూ వొద్దు మేడమ్. ఇది బయట మంట."

మెట్లు దిగుతూనే సోంబరు సంచి భుజాన వేసుకున్నాడు.

"పద వదినా, బస్సుకి ఎల్పోదాం. పోయిన పరువు సాలు."

"పోయినకాడే ఎతకాల. ఊరెల్తే దొరుకుద్దేటి?"

"మా అమ్మ కొంప ముంచీసింది."

"మీ అమ్మ దాసిందిరా. కొంప మునక్కూడదనే దాసింది. బేగి రా."

రిసార్టు వంటింట్లో భోజనాల హడావిడి. వంటాయన గరిటె చేత్తో పట్టుకుని కసిరాడు. కృపావతి పక్కకి నిలబడి, కూర దించేదాకా ఆగి, అప్పుడడిగింది. ఒక మూల స్టవ్వు, ఒక పాత గిన్నె, కరెంటు పోతే వెలిగించే కొవ్వొత్తులు.

"కొవ్వొత్తులేటి సేసుకుంటావు? పట్టపగలు కదా."

"ఉడకబెడతాను బాబూ."

వంటాయన ఆవిడ ముఖంలోకి చూసి, వేళాకోళం కాదని తేల్చుకుని, కొవ్వొత్తుల కట్ట ఇచ్చాడు. అవి కరిగాయి. ఒత్తులు తీసి పడేసి, పొట్టు బిళ్లల్ని ఆ మైనంలో ముంచి పైకి తీసింది. సోంబరు వాటిని పళ్లెంలో పెట్టి కిటికీ అంచున పెట్టాడు. బయట కొండల మీంచి దిగిన మంచు కిటికీ దాకా వచ్చి ఉంది. బిళ్లలు చూస్తుండగానే తెల్లబడి గట్టిపడ్డాయి.

"ఇది మన మైనం కాదు కదా వదినా. మోసం కాదేటి?"

"మోసమెందుకవుద్ది? సెప్పే ఎలిగిస్తాం."

చెప్పే వెలిగించింది. హాలు వెనక పచ్చికలో డబ్బా పెట్టి, ఇవి కొవ్వొత్తి మైనంలో ముంచినవని, అసలు బిళ్ల తేనె మైనంతో చేస్తామని ముందే చెప్పి పుల్ల గీసింది. సన్నగా జల్లు పడుతోంది. మంట అంచు పట్టుకుని, చుట్టూ తిరిగి, నిలువుగా లేచింది. భోజనం చేసి చేతులు కడుక్కుని వణుకుతూ వస్తున్నవాళ్లు ఒక్కొక్కరే దగ్గరికి చేరారు. సరళ కూడా వచ్చి నిలబడింది. ఇందాక బొమ్మలు చూపించిన కుర్రాడు సెల్లు తీసి ఫొటో తీసుకున్నాడు.

వరహాలరావు అందరికంటే ఆఖరున వచ్చాడు. వచ్చీ రావడంతోనే ప్రశ్నలు మొదలుపెట్టాడు. అడుగుతున్నంతసేపూ ఆయన రెండు చేతులూ మంట మీదికి చాపే ఉన్నాయి. కృపావతి ఆ చేతులు చూసి కుదుటపడింది.

"బాగానే మండింది. ఒప్పుకుంటాను. ఇప్పుడు నాను అడిగింది సెప్పు. నా షాపులో ఒకాయన ఈ డబ్బా కొన్నాడు. మే నెలలో లంబసింగి ఎల్దామని కారు డిక్కీలో పడీసి, విశాపట్నంలో ఎండలో కారెట్టీసేడు. ఆ డిక్కీలో ఏడి మీ అత్త అటక కన్నా ఎక్కువ. మైనం కారిపోద్ది. ఆడు కొండెక్కి పుల్ల గీత్తాడు. సాంబ్రాణి. అప్పుడాడు తిట్టీది నిన్ను కాదమ్మా, నన్ను."

సోంబరు వదిన వైపు చూశాడు.  కృపావతి ఏడాదిగా ఈ పని చేస్తోంది గానీ కారు డిక్కీ ఎప్పుడూ తన తలలోకి రాలేదు. తన ఇంట్లో కారు లేదు. ఆయన అడిగింది నిజంగా అడగాల్సిన ప్రశ్న. అత్త అటక మీద పెట్టకపోయి ఉంటే అది తనకి అర్థమయ్యేది కూడా కాదు.

మంట వైపు చూస్తూ ఆలోచించింది. ఎవరూ తొందరపెట్టలేదు, వెచ్చగా ఉంది కదా.

"మైనం కరక్కుండా నాను ఆపలేను సార్" అంది చివరికి. "కరిగినా ఎక్కడికీ పోకుండా సెయ్యొచ్చు. బిళ్ల ఇడిగా అమ్మితే కారిపోద్ది. డబ్బాలోనే కూరీసి దట్టిస్తే? లోపల మట్టి పూతుంది, పైన మూతుంది. ఏడికి కరిగినా అడుక్కి దిగుద్ది, సల్లబడితే అక్కడే గడ్డకడద్ది. మారు బిళ్లలు కూడా సిన్న రేకు గిన్నెల్లో పోసి ఇవ్వాల. ఇది ఇప్పుడే తోసింది. సేసి సూడనేదు."

"సేసి సూడకుండా సెప్తన్నావా?"

"సేసి సూడనేదని సెప్తన్నాను."

వరహాలరావు సరళ వైపు తిరిగి కనుబొమలెగరేశాడు. తర్వాత నేరుగా బేరంలోకి దిగాడు. షెడ్డూ యంత్రమూ తను పెడతాడు, తన షాపులన్నిట్లో అమ్ముతాడు. కంపెనీలో సగానికి పైన వాటా తనది.

"సగానికి కింద అయితే మాటాడదాం సార్" అంది కృపావతి.

"డబ్బు నాది. నాకు మాటుండొద్దా?"

"ఉండాల. ఇయ్యాల మీరు అడిగిన మాటే మాకు పనికొచ్చింది. మాట మీది కూడా. ఆకరి మాట మాది."

"ఆలోసించుకో. ఇలాంటోడు మళ్లీ దొరకడు."

"ఆలోసించీసేను సార్."

 వరహాలరావు మఫ్లరు సర్దుకున్నాడు. ఆ సర్దుకోవడం చూసి అయిపోయిందనుకున్నాడు సోంబరు. కానీ ఆయన వెళ్తూ వెళ్తూ ఆగి, "ఆ కూరిన డబ్బాలు సేసి పంపు. నా కారు డిక్కీలోనే పడీస్తాను. వాటా సంగతి తరవాత" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి బుద్రి గుమ్మంలోనే ఉంది. సోంబరు ముఖం చూసి ఏదో జరిగిందని కనిపెట్టేసింది. కృపావతి జరిగింది జరిగినట్టు చెప్పింది. ముసలావిడ చుట్ట నోట్లోంచి తీసింది.

"అయితే నానే పాడుసేసేనా?"

"నువ్వు అటక మీద ఎట్టబట్టే తెలిసింది అత్తా. నేకపోతే ఆ షాపాయన కార్లో కరిగినప్పుడు తెలిసేది."

 బుద్రి పొయ్యి వైపు చూసి, "అదా సంగతి!" అంది. "మొన్నంతా పొయ్యి ఏపుగా మండిపోయింది. అంబలి బేగి ఉడికిపోయింది. కట్టెలు మంచియి తెచ్చేడని నీ మొగుడ్ని మెచ్చుకున్నాను కూడా."

మూల కూర్చుని కత్తి నూరుకుంటున్న సుక్రు తలెత్తి, "నాను అప్పుడే అనుకున్నాను, మెచ్చుకోలు నాది కాదని" అన్నాడు. సభ తర్వాత సోంబరు మొదటిసారి నవ్వింది అప్పుడే.

మర్నాటి నుంచి పని. డబ్బాలో కూరడం అనుకున్నంత సులువు కాలేదు. గట్టిగా దట్టిస్తే మట్టి పూత పగిలింది. వదులుగా కూరితే కుదుపుకి పొట్టు రాలింది. చివరికి మైనం వేడిగా ఉన్నప్పుడే మెత్తగా పోసి, చల్లబడుతుండగా మెల్లగా అదిమితే కుదిరింది. ఒకదాన్ని బుద్రి తనంతట తనే తీసుకెళ్లి అటక మీద పెట్టి, కింద పొయ్యి ఎగదోసింది. "నా అటకకి నిలబడితే ఏ కారుకైనా నిలబడద్ది" అంది. నిలబడింది. సోంబరు మంచివి ఎంచి, సంచిలో పెట్టుకుని, రైల్లో విశాఖ వెళ్లి వరహాలరావు షాపులో స్వయంగా ఇచ్చి వచ్చాడు.

ఆ తర్వాత కబురు లేదు. దీపావళి దగ్గర పడుతోంది. సోంబరు హైదరాబాదు మాట ఎత్తలేదు, కృపావతీ ఎత్తలేదు. ఆవిడ మాత్రం పాక వెనక జాగాలో షెడ్డుకి నేల చదును చేయించడం మొదలుపెట్టింది. డబ్బు రాకుండానే ఏమిటిదని సుక్రు అడిగితే, "ఆయన కాకపోతే ఇంకొకలు. షెడ్డు నేకుండా ఎవులొచ్చినా పని కాదు కదా" అంది.

రాళ్లు ఏరుతుండగా ఫోను మోగింది. వరహాలరావు.

"అమ్మా, నీ డబ్బాలు డిక్కీలో ఎట్టి ఇన్నాల్లూ ఎండలో తిప్పేను. కారంతా గుగ్గిలం వాసన. మా ఆవిడ ఎక్కితే గుడికొచ్చినట్టుందంటంది. కానీ మైనం సుక్క బయటికి రానేదు. నిన్న మేడ మీద ఎలిగించేం. బాగా మండింది."

"అయితే సార్?"

"అయితేటి? నువ్వన్న వాటాయే. సగానికి కింద. మా లెక్కలాయన నన్ను ఎర్రోడిలా సూస్తన్నాడు. ఇంకేటి కావాలో సెప్పీ, ఇయ్యాల మంచి మూడ్‌లో ఉన్నాను."

కృపావతి చదును చేసిన నేల వైపు చూసింది. రోడ్డు పక్క నుంచి సోంబరు చూస్తున్నాడు, చేతిలో గునపం అలాగే ఉంది.

"సలి మొదలయ్యేలోపు షెడ్డు కప్పు పడాల సార్. రేకులు అరకులో పిరెం, మీ ఊల్లో సవక. మీ షాపు లారీ టెంట్లేసుకుని ఎలాగూ పైకొస్తాది కదా. రేకులు కూడా అందులోనే ఏసి పంపీయండి."

 అవతల ఆ పెద్ద నవ్వు.

"వాటా సగానికి కింద, లారీ మాత్రం నాది! ఎన్ని రేకులు గావాలో ఆ గుంటడ్ని కొలిసి సెప్పమను."

ఆవిడ ఫోను సోంబరుకిచ్చింది. అతను గునపం పక్కన పడేసి, అడుగులు వేస్తూ, జాగా పొడవు గట్టిగా అరిచి చెప్పడం మొదలుపెట్టాడు.